బొంతే మా పలక: తండాలో పిల్లలు సూది పట్టిన చరిత్ర

మా దాదీకి చూపు మందగించాక సూదిలో దారం ఎక్కించే పని నాకు వచ్చింది. అప్పటికి నాకు ఆరేళ్లు ఉంటాయేమో. మధ్యాహ్నం పూట వేపచెట్టు నీడలో పాత చీరలు పరుచుకుని బొంత కుట్టేది. దారం అయిపోగానే కేక వేసేది. ఆడుకుంటున్నదాన్ని పరుగెత్తుకొచ్చి, దారం కొస నోట్లో తడిపి, సూది బెజ్జంలో దూర్చి, ఆమె చేతికిచ్చి మళ్లీ పరుగు. కొన్నాళ్లకు ఆమె ఒక ఎత్తు వేసింది. "దారం ఎక్కించావు గదా, నాలుగు కుట్లు వేసి పో" అనడం మొదలుపెట్టింది. నాలుగు కుట్లు పదయ్యాయి. పది కుట్లు ఒక వరుస అయ్యాయి. నాకు ఎవరో ఏదో నేర్పుతున్నారన్న ఆలోచనే లేకుండా నేను కుట్టు నేర్చుకున్నాను.

ఈ సంచికలో మన సంత్ సేవాలాల్ మహారాజ్ గురించి, మన పోరాటాల గురించి, మన హక్కుల గురించి పెద్దలు రాస్తారు. నేను సూది గురించి రాస్తాను. ఇది చిన్న విషయమని మీలో కొందరికి అనిపించవచ్చు. కానీ బంజారాల గురించి పుస్తకాల్లో ఉన్నదంతా చాలాకాలం పాటు బయటివాళ్లు రాసిందే: బాటసారులు, సైనికాధికారులు, జనాభా లెక్కలు తీసినవాళ్లు. మన ఆడవాళ్లు తమ చేత్తో తాము పెట్టిన గుర్తులు మాత్రం గుడ్డ మీద ఉన్నాయి. ఆ గుర్తులు పెట్టడం వాళ్లు బడిలో నేర్చుకోలేదు, తండాలోనే పసితనంలో నేర్చుకున్నారు. ఆ చదువు ఎలా సాగిందో, ఎక్కడ తెగిపోయిందో మీకు చెప్పాలని ఉంది. అది తెగిపోయిన చోట నేనూ ఉన్నాను.

నడిచే ఊరు

మొదట మన పూర్వీకుల బతుకు ఎలా ఉండేదో గుర్తు చేసుకోండి. 1632లో పీటర్ మండీ అనే ఇంగ్లీషు వర్తకుడు ఆగ్రా నుంచి పట్నా వెళ్తుంటే దారిలో ఒక బంజారా తండా ఎదురైంది. అందులో 14,000 ఎడ్లు ఉన్నాయని, వాటి మీద ధాన్యం ఉందని, వాళ్లు ఆలుబిడ్డలనూ ఇంటి సామానంతటినీ వెంటబెట్టుకునే తిరుగుతారని రాసుకున్నాడు. కొన్నేళ్ల తర్వాత వచ్చిన ఫ్రెంచి వజ్రాల వర్తకుడు టావెర్నియే కూడా 10,000, 12,000 ఎడ్లు కలిసి నడిచే బిడారులను చూశాడు. ఇరుకు దారిలో అలాంటి బిడారు ఎదురైతే అది పూర్తిగా దాటిపోయేదాకా రెండు మూడు రోజులు ఆగాల్సి వచ్చేదట. గోధుమలు, బియ్యం, పప్పులు, ఉప్పు: ఒక్కో తెగ ఒక్కో సరుకే మోసేదని కూడా ఆయన రాశాడు.

ఆ పుస్తకాల్లో ఎడ్ల లెక్క ఉంది. సంచుల లెక్క లేదు. నేను మాత్రం ఎప్పుడూ సంచుల గురించే ఆలోచిస్తాను. ప్రతి ఎద్దు వీపు మీదా అటో సంచి, ఇటో సంచి వేలాడాలి. తెలుగువాళ్లు వాటిని కంట్లాలు అనీ, పెరికెలు అనీ అన్నారు. బరువు మోసే ఎద్దును పెరికె ఎద్దు అన్నారు. 14,000 ఎడ్లంటే 28,000 సంచులు. అవన్నీ ఎవరో కుట్టినవే. రోజూ బరువుకు చిరుగుతాయి, వానకు తడిసి కుళ్లుతాయి, ముళ్లకంపకు తగులుకుంటాయి. రోజూ అతుకు పడాల్సిందే. మన మగవాళ్లు జనుము నారతో తాళ్లు పేనేవారు, గోనె పట్టలు చేసేవారు. సంచి నోళ్లు దబ్బనంతో కుట్టేవారు. అంటే మగపిల్లవాడికీ కుట్టు రావాలి. సూది ఆడపిల్ల పని, దబ్బనం మగపిల్లవాడి పని అన్న తేడా ఉండేదేమో కానీ, చేతికి కుట్టు రాని పిల్ల ఆ బిడారులో ఏం పనికొస్తుంది? సంచి చిరిగితే ఉప్పు దారిపాలవుతుంది. ఇప్పుడు ఏ మగపిల్లవాడికైనా సూది ఇస్తే నవ్వుతాడు. ఆ నవ్వు మన చరిత్రలోంచి వచ్చింది కాదు.

ఇంటి గోడలు లేని జనానికి ఇల్లంతా గుడ్డే. పడుకునే బొంత, కప్పుకునే బొంత, తిండిగింజలు దాచే సంచి, బిందె కింద పెట్టుకునే చుట్టకుదురు, డబ్బులు దాచుకునే చిన్న తిత్తి, ఎద్దు వీపు మీది జూలు. బిడారు ముందు నడిచే ఎద్దును హతాడియా అనేవారు. దాని మీద ఎవరూ బరువు వేసేవారు కాదు. దానికి ఎర్రటి పట్టు కుచ్చులు, గంటలు, గవ్వల దండలు కట్టేవారు. ఈ గవ్వల సంగతి కూడా గమనించండి. ఒకప్పుడు గవ్వ చెల్లుబాటయ్యే డబ్బు, మాల్దీవుల నుంచి ఓడల్లో వచ్చేది. దాన్ని మన ఆడవాళ్లు గుడ్డకు కుట్టుకున్నారు. దారిలో పెట్టె మోయడం కష్టం. సొమ్మును బట్టకే కుట్టేసుకుంటే ఒంటితోపాటే నడుస్తుంది. నాణేలను కుట్టుకోవడమూ అందుకేనని నా ఊహ.

బొంత మీద మొదలు

పేట్యా, కాంచళి, టుక్రీ. మన ఆడవాళ్ల ఈ మూడు బట్టల మీది అద్దాల పనిని ఇప్పుడు అందరూ మెచ్చుకుంటారు. కానీ ఏ పిల్లా అద్దాలతో మొదలుపెట్టలేదు. మొదలంతా బొంత మీదే.

దానికి కారణం ఉంది. బొంత తప్పులను క్షమిస్తుంది. పాత చీరలు, ధోవతులు నాలుగైదు పొరలుగా పరిచి, అంచులు లోపలికి మడిచి, పైకీ కిందికీ పోయే సాదా కుట్టుతో వరుసలు వేసుకుంటూ పోవడమే బొంత పని. ఒక వరుస వంకర పోయినా బొంత బొంతే. కుట్టు పెద్దదైనా, చిన్నదైనా రెండు ఉతుకులకు గుడ్డ ముడుచుకుని ఆ తేడా కలిసిపోతుంది. పిల్ల కుట్టిన వరుసను మా దాదీ ఎన్నడూ ఇప్పలేదు. పక్కనే తన వరుస వేసేది, అంతే. రెండు వరుసలు పక్కపక్కన కనిపిస్తుంటే మన చెయ్యే సిగ్గుపడి సర్దుకుంటుంది. ఆ తర్వాత టీచరునయ్యాను, ఎన్నో శిక్షణ తరగతులకు పోయాను. ఇంతకంటే మంచి బోధన పద్ధతి నాకు ఎక్కడా కనిపించలేదు.

వరుసకో సంగతి తెలిసేది. దారం మూర కంటే పొడవు తీసుకుంటే చిక్కు పడుతుంది. పిల్లలు ఎప్పుడూ పొడవే తీసుకుంటారు, మళ్లీ మళ్లీ లేవాల్సిన పని ఉండదని. ముడి బొంత లోపలి పొరలో దాగాలి, లేకపోతే పడుకున్నవాళ్ల వీపుకు గుచ్చుకుంటుంది. కుట్టు బయటి అంచు దగ్గర మొదలై లోపలికి రావాలి. ఇవేవీ సూత్రాలుగా ఎవరూ చెప్పలేదు. తప్పినప్పుడు తెలిసింది.

ఇక్కడ చిన్న పక్కమాట. కర్ణాటకలోని ఉత్తర కన్నడ అడవుల్లో సిద్ధీలు అనే గిరిజనులు ఉన్నారు. వాళ్ల పూర్వీకులు ఆఫ్రికా నుంచి వచ్చినవాళ్లు. వాళ్ల ఆడవాళ్లు కూడా పాత గుడ్డ ముక్కలతో కవంది అనే బొంతలు కుడతారు. వాళ్లూ అంచు దగ్గరే మొదలుపెట్టి చుట్టూ తిరుగుతూ మధ్యకు వస్తారు. నాలుగు మూలలా ఫూల్ అని చిన్న ముక్కలు కుట్టి గానీ బొంత పూర్తయిందనరు. మనకూ వాళ్లకూ చుట్టరికం లేదు. అయినా రెండు చోట్లా బొంత అంచు నుంచి లోపలికే వచ్చింది.

బొంత మీద చెయ్యి కుదిరాక అంచు కుట్లు, ఆ తర్వాత లెక్క కుట్లు. మన పాత పని ముతక నేత గుడ్డ మీద సాగేది. దాని మీద పెన్సిలు గీతలుండవు. గుడ్డలోని పోగులను లెక్కపెట్టుకుంటూ సూది దించాలి. మూడు వదిలి ఒకటి, ఐదు వదిలి ఒకటి. ఒక్క పోగు తప్పితే చతురస్రం మూల కలవదు. బళ్లారి జిల్లా సండూరు తండాల్లో ఇప్పటికీ పద్నాలుగు రకాల కుట్లకు పేర్లున్నాయి. కీలన్, వేలే, బక్యా, మాకీ, సూర్యకాంతి మాకీ, కాన్స్, తేరా డోరా, కౌదీ, రేలో, గాద్రీ, భూరియా, పోటే, జోల్యా, నక్రా. ఈ పేర్లను ఒకసారి నోటితో పలికి చూడండి. తేరా డోరాలో తేరా అంటే పదమూడు, డోరా అంటే దారం. పేరులోనే లెక్క ఉంది. సూర్యకాంతి అనేది పొద్దుతిరుగుడు పువ్వుకు కన్నడంలో ఉన్న పేరు. తండా ఎక్కడ దిగితే అక్కడి మాట ఒకటి కుట్టులోకి వచ్చి కూర్చుందన్నమాట. కన్నడిగులు బొంతనే కౌదీ అంటారు.

అద్దం అన్నిటికంటే చివర. అద్దం ముక్కకు బెజ్జం ఉండదు కదా, మరి గుడ్డకు ఎలా నిలుస్తుంది? గుడ్డ మీద పెట్టి బొటనవేలితో నొక్కి పట్టుకుని, దాని మీదుగా అడ్డంగా రెండు పోగులు, నిలువుగా రెండు పోగులు కట్టాలి. అది పందిరి. ఆ పందిరి పోగులను సూదితో అందుకుంటూ చుట్టూరా కాజా కుట్టులాంటిది వేసుకుంటూ పోతే, పోగులు అంచుల వైపు జరిగి మధ్యలో అద్దం బయటపడుతుంది. పందిరి వదులైతే అద్దం జారిపోతుంది. మరీ బిగువైతే గుడ్డ ముడుచుకుంటుంది. ఇది మాటలతో నేర్పగలిగేది కాదు. పెద్ద చెయ్యి చిన్న చేతిని పట్టుకుని నాలుగుసార్లు లాగి చూపిస్తేనే ఆ బిగువు తెలుస్తుంది.

పిల్ల ఈడుకొచ్చేసరికి తన పెళ్లిబట్టలు తానే కుట్టుకునేంత పని రావాలి. తల్లి, పెద్దమ్మలు, అక్కలు చెయ్యి వేసేవారు, కానీ పని పిల్లదే. ఆ కూర్పు దగ్గరే ఢావ్లో పాటలు చెవిన పడేవి. ఎవరికి ఎవరు ఏమవుతారో, ఏ గోత్రానికి ఏ గోత్రం కుదురుతుందో, ఏ తండా ఎక్కడి నుంచి లేచి వచ్చిందో అన్నీ అక్కడే తెలిసేవి. కుట్టు నేర్చుకోవడమంటే అసలు అక్కడ కూర్చోవడమే. చేతులు కదులుతుంటే నోళ్లు కదిలేవి. నాకు తెలిసిన మన వంశాల సంగతుల్లో సగం బొంత అంచున కూర్చుని విన్నవే.

బిడారు ఆగిన చోట

1853లో బొంబాయి నుంచి ఠాణేకు మొదటి రైలు నడిచింది. 1874లో వాడి నుంచి సికింద్రాబాదుకు రైలు వచ్చింది. రైలు డబ్బాలో పోయే ఉప్పుతో, ధాన్యంతో ఎద్దు పోటీపడలేదు. అప్పటికే ఉప్పు మీద ఇంగ్లీషువాళ్ల పన్నులూ గుత్తాధిపత్యమూ ఉన్నాయి. బిడారులు ఒక్కొక్కటే ఆగిపోయాయి. 1871లో నేరస్థ జాతుల చట్టం వచ్చింది. చాలా ప్రాంతాల్లో బంజారాలను కూడా ఆ జాబితాలోకి ఎక్కించారు. పుట్టుకతోనే దొంగ అన్న ముద్ర అది. స్వాతంత్ర్యం వచ్చిన తర్వాత, 1952లో గానీ ఆ చట్టం పోలేదు.

ఇక్కడ బట్ట సంగతి మారుతుంది. అంతవరకు అద్దాల పేట్యా అంటే దూరం నుంచే "మనవాళ్లు వస్తున్నారు" అని తెలిపే గుర్తు. ఇప్పుడు అదే గుర్తు పోలీసుకూ తెలుస్తుంది, వడ్డీ వ్యాపారికీ తెలుస్తుంది. కూలిపనికి, పట్నంలో ఇళ్ల నిర్మాణ పనికి పోయిన మన ఆడవాళ్లు కిలోల బరువుండే పేట్యా వదిలి చీర కట్టుకోవడం మొదలుపెట్టారంటే, బరువొక్కటే కారణం కాదు. నా చిన్నతనంలో బస్సులో మా దాదీ పక్కన కూర్చోవడానికి ఇష్టపడక లేచి నిలబడినవాళ్లను చూశాను. ఆ రోజు ఆమె ఏమీ అనలేదు. ఇంటికొచ్చాక మా యాడీ మాత్రం "పిల్లకు ఇవి వద్దు, గౌను కుట్టించండి" అంది. మా ఇంట్లో ఒక తరం సూది ఆ సాయంత్రమే ఆగింది. మా యాడీకి కుట్టు వచ్చు. నాకు నేర్పడం మానేసింది. నేర్పింది దాదీయే, అదీ బొంత మీద.

తర్వాత బడి వచ్చింది. ఆంధ్ర ప్రాంతంలో సుగాలీలు ముందే షెడ్యూల్డు తెగల జాబితాలో ఉన్నా, తెలంగాణలో లంబాడీలకు ఆ గుర్తింపు 1976 నాటి సవరణ చట్టంతోనే వచ్చింది. దాంతో హాస్టళ్లు, ఆశ్రమ పాఠశాలలు, ఉపకార వేతనాలు అందాయి. 1971లో సర్వేల్‌లో మొదలైన గురుకుల పద్ధతి తర్వాత గిరిజన పిల్లలకూ విస్తరించింది. ఈ సంచిక చదువుతున్న మీలో చాలామంది అందులోంచి వచ్చినవారే. నేనూ హాస్టలు పిల్లనే. తొమ్మిదో ఏట ఇనుప ట్రంకు పెట్టె పట్టుకుని పోయాను.

ఆ తొమ్మిదో ఏటి గురించే నేను ఎక్కువగా ఆలోచిస్తాను. ఏడు నుంచి పన్నెండు ఏళ్ల మధ్య పిల్ల చెయ్యి కుట్టుకు కుదిరే వయసు. సాదా కుట్టు దాటి లెక్క కుట్టుకు, లెక్క కుట్టు దాటి అద్దానికి వెళ్లే వయసు. సరిగ్గా ఆ వయసులోనే మేం తండా నుంచి వెళ్లిపోయాం. దసరాకు, సంక్రాంతికి వచ్చేవాళ్లం. నాలుగు రోజుల్లో ఎవరు నేర్పుతారు, ఎవరు నేర్చుకుంటారు? హాస్టలు తప్పు అని నేను అనను. ఆ ట్రంకు పెట్టె లేకపోతే ఈ వ్యాసం రాసే చెయ్యి నాకు లేదు. మా దాదీ కూడా ఏడవలేదు, పొమ్మంది. కానీ ఒక చదువు కోసం ఇంకో చదువు వదులుకున్నామని ఆ రోజు మాకు ఎవరూ చెప్పలేదు. రెండోది చదువే అని ఎవరూ అనుకోలేదు. ఫలితంగా నాకు సాదా కుట్టు వచ్చు, అంచు కుట్టు సగం వచ్చు, అద్దం కుడితే పదింట్లో మూడు జారిపోతాయి.

మన బట్టలు సంతకు పోయాయి

ఇళ్లలో కుట్టడం తగ్గుతున్న ఆ కాలంలోనే బయట మన బట్టకు గిరాకీ పెరిగింది. తండాలకు స్టీలు గిన్నెలు, ప్లాస్టిక్ బిందెలు పట్టుకొచ్చినవాళ్లు వాటికి బదులు పాత పేట్యాలు, కాంచళీలు పట్టుకుపోయారు. అవి గోవా బీచి సంతల్లోకి, పట్నాల దుకాణాల్లోకి, విదేశాలకు పోయాయి. చాలా వాటిని ముక్కలుగా కోసి, ఆ ముక్కలను మళ్లీ కలిపి కుట్టి, సంచులుగా, గోడకు వేలాడదీసే దుప్పట్లుగా అమ్మారు. విచిత్రం చూడండి. మన ఆడవాళ్లు పాత చీర ముక్కలతో బొంత కుట్టేవారు. బయటివాళ్లు మన పెళ్లిబట్టల ముక్కలతో బొంతలు కుట్టారు. మా ఇంట్లోంచి కూడా ఒక కాంచళి అలాగే పోయింది, రెండు స్టీలు గ్లాసులకు.

అందరూ అమ్ముకుని ఊరుకోలేదు. అనంతపురానికి పొరుగున ఉన్న బళ్లారి జిల్లా సండూరులో 1980లలో కుశల కళా కేంద్రం మొదలై, చుట్టుపక్కల తండాల ఆడవాళ్లకు పని కల్పించింది. సండూరు లంబాణీ కుట్టుపనికి భౌగోళిక గుర్తింపు కూడా దక్కింది. 2023 జూలైలో హంపీలో జీ-20 సాంస్కృతిక సమావేశం జరిగినప్పుడు 450 మందికి పైగా లంబాణీ ఆడవాళ్లు కుట్టిన 1,755 వస్తువులను ఒకచోట ప్రదర్శిస్తే గిన్నిస్ రికార్డు వచ్చింది. ఆ ఫొటోలు మీరు ఫోన్లలో చూసే ఉంటారు. నాకు సంతోషం కలిగింది. వెంటనే ఒక ప్రశ్నా పుట్టింది: ఆ 450 మంది పక్కన కూర్చుని దారం ఎక్కించే ఆరేళ్ల పిల్లలు ఎందరున్నారు? అమ్మకానికి కుట్టేటప్పుడు వంకర వరుస పనికిరాదు. పిల్ల కుట్టిన నాలుగు కుట్లున్న సంచిని కొనేవాడు వద్దంటాడు. కేంద్రాలు పనిని బతికించాయి, ఉపాధినీ ఇచ్చాయి, అందులో సందేహం లేదు. పిల్లలకు నేర్పడం మాత్రం ఇంట్లో వాడుకునే బొంత మీదే సాధ్యం. ఇది నా అభిప్రాయం, మీరు ఒప్పుకోకపోవచ్చు.

బడిలో సూది

చేతిపనికి చోటివ్వాలని బడి అప్పుడప్పుడు అనుకుంటూనే ఉంది. 1937లో వార్ధాలో గాంధీజీ పిలుపుతో జాకిర్ హుసేన్ కమిటీ తయారుచేసిన పథకం చేతిపని చుట్టూనే చదువంతా అల్లాలంది. 1977లో ఈశ్వర్‌భాయ్ పటేల్ కమిటీ సమాజానికి ఉపయోగపడే ఉత్పాదక పని అనే పీరియడు పెట్టమంది. నేను చదివిన బడిలో ఆ పీరియడులో గడ్డి పీకేవాళ్లం. ఆ తర్వాత ఇంకో బడిలో ఆడపిల్లలకు రుమాలు అంచు కుట్టడం నేర్పారు, మగపిల్లలను ఆటకు పంపారు. మా దాదీ కుట్టు అక్కడ కుట్టే కాదు. ఆమె వేసే కుట్టు వేసి చూపిస్తే, పుస్తకంలో లేదని టీచరమ్మ ఇప్పించింది.

2020 జాతీయ విద్యా విధానం ఆరు నుంచి ఎనిమిది తరగతుల పిల్లలకు పది రోజులు పుస్తకాల సంచి లేకుండా, ఊళ్లోని చేతిపనివాళ్ల దగ్గర నేర్చుకునే వీలు కల్పించమంటోంది. ఈ వాక్యాన్ని మన సంఘాలు పట్టుకోవాలి. గిరిజన గురుకులాల్లో ఆ పది రోజులకు తండాల్లోంచి కుట్టు వచ్చిన పెద్దవాళ్లను పిలిపించమని అడగవచ్చు. వాళ్లకు దారి ఖర్చు, గౌరవ వేతనం ఇవ్వాలి. ఊరికే పిలిచి శాలువా కప్పి పంపితే సరిపోదు. ఒక జాగ్రత్త మాత్రం కావాలి. నేర్పడం వేరు, పని చేయించుకోవడం వేరు. ఆర్డర్ల కోసం పిల్లలను కూర్చోబెట్టి కుట్టించే చోట్లు దేశంలో ఉన్నాయి. 2016లో సవరించిన చట్టం ప్రకారం పద్నాలుగేళ్లలోపు పిల్లలను పనిలో పెట్టకూడదు; బడి అయ్యాక ఇంటివాళ్లకు సాయపడటం వరకే వీలుంది. పిల్ల కుట్టింది అమ్మకానికి పోవద్దు. అది ఆ పిల్ల కప్పుకోవాలి.

బడి కోసం ఆగనక్కర్లేదు కూడా. ఎండాకాలం సెలవుల్లో మీరు ఇంటికి వస్తారు, మీ చెల్లెళ్లూ తమ్ముళ్లూ వస్తారు. రెండు పాత నూలు చీరలు చాలు, నాలుగు పొరలొస్తాయి. అంతకు మించితే చిన్న చేతితో సూది దిగదు. పాలిస్టర్ వద్దు, జారుతుంది. బెజ్జం పెద్దగా ఉన్న సూది తీసుకోండి. గుడ్డ రంగుకు ఎదురు రంగు దారం తీసుకుంటే పిల్లకు తన వరుస తనకు కనిపిస్తుంది. దారం మూర పొడవు మించనివ్వకండి. మొదటి రోజు జానెడు వరుస చాలు. వంకర పోతే ఇప్పకండి. మీకు రాకపోతే దాదీని, నానీని పక్కన కూర్చోబెట్టండి. ఆమె చూపు ఆనకపోయినా చేతికి తెలుసు. తమ్ముడు నవ్వితే 28,000 సంచుల సంగతి చెప్పండి.

ఇంకొక పని మీ ఫోనుతో చేయవచ్చు. కుట్టుతున్న చేతులను వీడియో తీయండి, కానీ దాంతో ఆగకండి. ప్రతి కుట్టును మీ తండాలో ఏమంటారో ఆమె గొంతుతోనే చెప్పించండి. సండూరు పేర్లు పద్నాలుగు రాసిపెట్టారు కాబట్టి మనకు తెలిశాయి. దేవరకొండ తండాల్లో, మహబూబాబాద్ తండాల్లో, అనంతపురం సుగాలీ తండాల్లో అవే పేర్లున్నాయో, వేరే ఉన్నాయో మన సంఘం ఒక పట్టీ వేసుకుంటే బాగుంటుంది.

అడగడానికి నాకూ ఒక కారణం ఉంది. మా దాదీ కుట్టిన బొంతల్లో ఒకటి నా దగ్గర మిగిలింది. దాని అంచు వెంబడి చిన్న చిన్న త్రికోణాలు వరుసగా ఉంటాయి, ఒకటి ఎరుపు, ఒకటి నీలం. సూది ఒకే దెబ్బకు రెండు పొరల్ని పట్టుకుని వెనక్కి తిరుగుతుంది. హాస్టలుకు పోకముందు వేసవిలో ఆమె దాని పేరు చెప్పింది, రెండు మూడుసార్లు చెప్పింది. నాకు గుర్తు లేదు. మా యాడీని అడిగాను, ఆమెకూ గుర్తు రాలేదు. మీ ఇంట్లో ఎవరికైనా తెలిస్తే సంఘానికి రాయండి.